ఈ పొద్దు రేటెంత?

పుల్లంపేట, రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి వైపు పల్లెల్లో ‘ఈ పొద్దు రేటెంత?’ అని ఎవరైనా అడిగితే అది మామిడికాయల సంగతి కాదు, దినారు సంగతి. కువైట్‌కు మనిషిని పంపని వీధి పాత కడప జిల్లాలోని ఈ మండలాల్లో అరుదు. ఇంట్లో ఒకరు అక్కడుంటే ఇక్కడున్నవాళ్లందరికీ తెలియాల్సిన మొదటి అంకె అదే. పిల్లలు చదువుకుని అమెరికా పోయిన కర్నూలు ఇళ్లలో అదే ఆరాటం డాలరు మీద ఉంటుంది.

ఇక్కడ మాట్లాడుతున్న ఇద్దరూ దగ్గరి బంధువులు. చిన్నమ్మ 2000లో కువైట్ పోయి ఒక ఇంట్లో ఏళ్ల తరబడి వంట చేసింది. ఆ డబ్బుతోనే పుల్లంపేట దగ్గర ఇల్లు కట్టుకుంది, ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసింది. అబ్బాయి ఆమె అక్క కొడుకు. కర్నూలులో పెరిగాడు, టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇల్లు కూడా అక్కడే కొన్నాడు. చిన్నమ్మ చిన్నల్లుడు డ్రైవరు పని మీద కువైట్‌కు బయల్దేరుతున్నాడు. సెలవులకు వచ్చిన అబ్బాయి అతనికి ఇచ్చిన సలహా దగ్గర వాదం మొదలైంది. నేను పక్కనే ఉన్నాను. లెక్కలు సులువుగా ఉండడానికి డాలరు 90 రూపాయలు, దినారు 290 రూపాయలు అనుకుని మాట్లాడుకున్నారు. 2025 చివర ఉన్న రేట్లు ఇంచుమించు అవే.

చిన్నమ్మ: నువ్వు వానికి చెప్పిన మాట నాకు నచ్చలేదబ్బీ. ‘ఆడికి పోయినాక రూపాయల్లో లెక్కేయొద్దు’ అంటివే. ఇంగ దేంట్లో వేయాల? వాడు పోయేదే రూపాయల కోసం. వీసాకు, టికెట్టుకు తెచ్చిన అప్పు రూపాయల్లో. దాని వడ్డీ రూపాయల్లో. పిల్లోల ఫీజు రూపాయల్లో. దినార్లలో ఆలోచించాల్సింది కువైటోళ్లు, మనం కాదు.

అబ్బాయి: లెక్కే వద్దనలేదు చిన్నమ్మా. తినే తిండిని, మందుబిళ్లను, కాళ్ల చెప్పులను 290తో గుణించొద్దన్నా. నేను టెక్సాస్ పోయిన కొత్తలో కాఫీ అంగట్లో బోర్డు చూసి వెనక్కొచ్చేవాణ్ని. అయిదు డాలర్లు, అంటే అప్పటి రేటుకు మూడొందల పైచిలుకు. కర్నూల్లో ఆ లెక్కకు ఇంటిల్లిపాదికీ ఉగ్గాని, బజ్జీ వస్తాయి గదా అని కడుపు మాడ్చుకునేవాణ్ని. నా గదిలో ఉన్న పిల్లోడు పన్ను నొప్పిని నెలల తరబడి ఓర్చుకున్నాడు. ఆడ డాక్టరు చెప్పిన ఫీజును రూపాయల్లోకి మార్చి చూసి, ‘ఇండియాకు పోయినప్పుడు చూపించుకుంటాలే’ అన్నాడు. తీరా వచ్చేసరికి పన్ను పీకేయాల్సి వచ్చింది.

చిన్నమ్మ: పన్ను సంగతికి నేను ఎదురు చెప్పను. నేనున్న ఇంటి పక్కింట్లో మన చిట్వేలు ఆమె ఒకామె షుగరు మాత్రలు కొనుక్కోకుండా లెక్క పంపిస్తాండె. ఆమె కాలు చూస్తే భయమేసేది. అయినా అది రూపాయి లెక్క చేసిన పని కాదబ్బీ, అప్పు చేసిన పని. అప్పు లేకుంటే ఎవురైనా మాత్ర కొనుక్కుంటారు.

అబ్బాయి: అప్పు నిజమే. గుణకారం అప్పును ఇంకా పెద్దది చేసి చూపిస్తాది, అదే నా బాధ. పైగా ఆ గుణకారం తప్పు సమాధానం ఇస్తాది. చూడు, వాడు పోయేది డ్రైవరు పనికి. కువైట్‌లో మామూలు పెట్రోలు లీటరు 85 ఫిల్స్. దినారుకు వెయ్యి ఫిల్స్ గదా, గుణిస్తే పాతిక రూపాయలు కూడా కాదు. కర్నూల్లో 110 దరిదాపు. ఖుబ్బూస్ రొట్టెల కట్ట 50 ఫిల్స్, అంటే పద్నాలుగున్నర. అదే మనిషి క్షవరానికి పోతే దినారున్నర అడిగినారనుకో, 435 రూపాయలు. పెట్రోలు దగ్గర కువైట్ ధర్మాత్ములు, మంగలి అంగట్లో కువైట్ దొంగలు! రెండూ అబద్ధమే. పెట్రోలు వాళ్ల బావుల్లోది, ధర ప్రభుత్వం పెట్టింది. రొట్టెకు ప్రభుత్వం రాయితీ ఇస్తాది. క్షవరంలో ఆ వీధి అద్దె, ఆ పనివాడి జీతం ఉండాయి. ఒక్కో వస్తువుకు ఒక్కో రేటు. 290 అనేది బ్యాంకులో దుడ్లు మార్చుకునే రేటు, అంతే. క్షవరం ఓడెక్కి మన ఊరికి రాదు గదా!

చిన్నమ్మ: నాకు ఓడల సంగతి తెలీదా? మన మంగంపేట ముగ్గురాయి ఓడలెక్కే గదా దేశదేశాలకు పోయేది. నూనె బావులు తవ్వేటప్పుడు దాన్ని బురదలో కలిపి పోస్తారంట. మన ఊరి రాయీ, మన ఊరి మనుసులూ, ఇద్దరూ నూనె దగ్గరికే పోతాండాం.

(మంగంపేట ఓబులవారిపల్లె మండలంలో ఉంది. ముగ్గురాయి, అంటే బెరైటీస్ నిల్వల్లో ప్రపంచంలోనే పేరున్న గని అది. నూనె బావి తవ్వే బురదకు బరువు తెచ్చేది ఆ రాయే. ఆ నూనెను ప్రపంచమంతా డాలర్లలో కొంటుంది. గనికి చుట్టుపక్కల మండలాల మనుషులే కువైట్‌లో వంటలు చేస్తారు, కార్లు నడుపుతారు. చిన్నమ్మ ఆ మాట అలవోకగా అన్నది గానీ, డాలరుకూ మన ఎర్రనేలకూ ఉన్న ముడి ఎంత పాతదో, ఎంత దగ్గరిదో అందులోనే ఉంది.)

అబ్బాయి: ఆ తేడాను కొలిచిన లెక్క ఒకటుంది చిన్నమ్మా. ప్రపంచ బ్యాంకు వాళ్లు దేశదేశాల ధరలు సేకరించి పోలుస్తారు. 2021 సంవత్సరానికి చూస్తే, అమెరికాలో ఒక డాలరుకు దొరికే సరుకులూ సేవలూ ఇండియాలో సుమారు 20 రూపాయలకు దొరికినాయి. ఆ ఏడాది బ్యాంకులో డాలరు 74. అందుకే చెప్తాండా, బతికే ఖర్చును బ్యాంకు రేటుతో కొలవకూడదు.

చిన్నమ్మ: సరే నాయనా, నువ్వు ఆడ నుంచి మీ అమ్మకు డాలరు పంపితే బ్యాంకోడు 20 ఇచ్చినాడా, 74 ఇచ్చినాడా?

అబ్బాయి: 74 ఇచ్చినాడు.

చిన్నమ్మ: అదీ. నేనుండే ఇంట్లో బువ్వ వాళ్లది, గది వాళ్లది, సబ్బు కూడా వాళ్లదే. ఆడ కొనుక్కునేది ఏముండాది? జీతమంతా ఎక్స్ఛేంజికి పోయేదే. జీతమంతా ఇంటికి పోయేటప్పుడు బ్యాంకు రేటే నా రేటు. నువ్వు అద్దె కట్టుకోవాల, కూరగాయలు కొనుక్కోవాల, కారుకు నూనె పోసుకోవాల. నీ ఇరవై రూపాయల లెక్క నీకు సరి. నాకు కాదు.

ఇక్కడ అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. చిన్నమ్మ పట్టుకున్నది అసలైన చోటు. విదేశంలో ఉన్నవాళ్లందరికీ కలిపి ‘అక్కడి డబ్బులోనే ఆలోచించండి’ అని చెప్పే సలహా అక్కడే సంపాదించి అక్కడే ఖర్చు పెట్టేవాళ్లను చూసి పుట్టింది. యజమాని ఇంట్లోనే ఉండి పనిచేసే మనిషి బతుకు వేరు. కువైట్‌లో ఎన్నేళ్లు వంట చేసినా ఆమెకు అది సొంత ఊరు కాదు, ముసలితనం అక్కడ గడపలేదు. వీసా ఉన్నన్నాళ్లే అక్కడ ఉండగలదు. కాబట్టి ఆమెకు భవిష్యత్తంతా రూపాయల్లోనే ఉంది.

అబ్బాయి: ఒప్పుకుంటా. అయితే ఇంకో కొలత చెప్తా, అది ఇద్దరికీ సరిపోతాదేమో చూడు. రూపాయలూ వద్దు, దినార్లూ వద్దు. ఎన్ని గంటల పని అని అడుగు. కువైట్‌లో ఇంటిపనివాళ్లకు కనీస జీతం 2016లో 60 దినార్లు పెట్టినారు. చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించకూడదు, వారానికొక రోజు సెలవు. నెలకు 26 రోజులు వేసుకుంటే గంటకు ఎంత?

చిన్నమ్మ: నువ్వే చెప్పు, సెల్లు నీ చేతిలో ఉండాది గదా.

అబ్బాయి: 192 ఫిల్స్. ఒక టీ, ఒక శాండ్‌విచ్ కలిపి అర దినారు అయిందనుకో. రెండున్నర గంటల చాకిరీ. నాకు గంటకు యాభై డాలర్లు పడుతాది. నా అయిదు డాలర్ల కాఫీ ఆరు నిమిషాల పని. టెక్సాస్‌లోనే చట్టం చెప్పిన కనీస కూలి, గంటకు ఏడు డాలర్ల పాతిక సెంట్లకు పనిచేసే పిల్లోడికి అదే కాఫీ నలభై నిమిషాలు.

చిన్నమ్మ: చూసినావా! నువ్వు ‘గుణించొద్దు, తిను’ అనేది ఆరు నిమిషాలోడివి కాబట్టి. రెండున్నర గంటలదాన్ని నేను గుణించకపోయినా ఆ టీ తాగను.

అబ్బాయి: నేను చెప్పిన గంటల లెక్క నువ్వు గెలిచేదానికే పనికొచ్చిందే!

చిన్నమ్మ: ఇంకో సంగతి విను. ఇంటామెను ఆడ ‘మామా’ అని పిలుస్తాం. నేను జీతం పెంచమని అడిగిన ప్రతిసారీ ‘మీ రూపాయి పడిపోయింది గదా, నీకు ఎక్కువ వస్తాంది గదా’ అనేది. రూపాయి పడితే నా చేతికి ఒక్క ఫిల్సు ఎక్కువ రాలేదు. రేటు పెరిగిందని ఈడ మనోళ్లు సంబరపడేది, అదే మాట చెప్పి ఆడ వాళ్లు జీతం ఆపేది.

ఈ మాట ఒక ఇంటి గొడవ మాత్రమే కాదు. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్ దేశాలకు పోయే కార్మికుల కనీస జీతాలను తగ్గించింది. ఆ జీతాలను డాలర్లలోనే రాస్తారు: కువైట్‌కు 245 డాలర్లు, ఎమిరేట్స్, ఒమన్, బహ్రెయిన్ లాంటి చోట్లకు 200. కరోనా కాలంలో ఉద్యోగాలు నిలబెట్టడానికని చెప్పారు. కార్మికుల తరఫువాళ్లు తెలంగాణ హైకోర్టుకు పోయారు. 2021 జులైలో ప్రభుత్వం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. కాగితం మీద జీతం డాలర్లలో, చేతికి వచ్చేది దినార్లలో, తీర్చాల్సింది రూపాయల్లో. మూడింటినీ కలిపి చూడలేకపోతే, తగ్గించారన్న సంగతి కూడా కార్మికుడికి తెలియదు. రూపాయి పడుతున్న రోజుల్లో అయితే ఇంటికి చేరే మొత్తం అంతే ఉన్నట్టు కనపడుతుంది.

అబ్బాయి: అందుకే వానికి దినారు గురించి కూడా సరిగ్గా చెప్పాల. ఊళ్లో అందరూ ‘దినారు మూడు డాలర్లు, ప్రపంచంలో దాన్ని మించిన డబ్బు లేదు’ అని గొప్పగా చెప్తారు. ఒక్క నోటుకు ఎన్ని రూపాయలొస్తాయనేది ఆ దేశం మొదట్లో పెట్టుకున్న అంకెను బట్టి ఉంటాది. 1961 దాకా కువైట్‌లో నడిచింది మన రూపాయే, తెలుసా?

చిన్నమ్మ: ఆడ మన రూపాయా?

అబ్బాయి: అవు. మన రూపాయలు తీసుకుపోయి ఆడ బంగారం కొని దొంగతనంగా ఈడికి తెస్తాండారని, 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రంగు నోట్లు అచ్చేసింది. రెండేళ్లకు కువైట్ సొంత దినారు తెచ్చుకుంది. అప్పుడు ఒక దినారుకు పదమూడు రూపాయల ముప్పై మూడు పైసలు. దాన్ని బ్రిటిష్ పౌనుకు సమానంగా పెట్టుకున్నారు కాబట్టి మొదటి నుంచే పెద్ద నోటు. 1966లో మన వాళ్లు రూపాయి విలువ తగ్గించినారు, 1991లో ఇంకోసారి తగ్గించినారు. పదమూడు పోయి 290 అయింది. దుబాయ్ దిర్హాం చిన్న నోటు, డాలరుకు 3.67. 1997 నుంచి ఆ అంకె కదల్లేదు. సౌదీ రియాలు డాలరుకు 3.75, అది 1986 నుంచి. చిన్న నోటు కాబట్టి దుబాయ్ పేదది కాదు గదా.

చిన్నమ్మ: పెద్ద నోటు ఒక్క పొద్దులో ఏమైపోతాదో మా ఇంట్లో చూసినాం. మీ చిన్నాయన 1990లో ఆడనే ఉన్నాడు. ఆగస్టు రెండో తేదీ ఇరాక్ వాళ్లు వచ్చిపడినారు. కువైట్ దినారూ ఇరాక్ దినారూ ఒకటే అని చెప్పినారంట. ఆ తర్వాత కువైట్ దినారు చెల్లనే చెల్లదన్నారు. మీ చిన్నాయన దగ్గర నాలుగు నెలల జీతం ఉండె. రొట్టెకు ఇస్తామన్నా తీసుకునేవాళ్లు లేరు. జోర్డాన్ దాకా బస్సులో, ఎడారిలో గుడారాల్లో, ఆడ నుంచి విమానంలో వచ్చినాడు. ఇల్లు చేరినాక ఆ నోట్లు పెట్టెలో పెట్టి తాళమేసినాడు.

అప్పుడు జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో లక్షమందికి పైగా భారతీయులను తీసుకొచ్చారు. యుద్ధం అయిపోయాక 1991 మార్చిలో కువైట్ కొత్త నోట్లు విడుదల చేసింది. పాత నోట్లను ఆ సెప్టెంబరు చివరిదాకే మార్చుకోనిచ్చింది. ఇరాకీలు బ్యాంకు నుంచి ఎత్తుకుపోయిన నోట్ల నంబర్లను చెల్లకుండా చేసింది. ఇరాక్ దినారు కూడా ప్రభుత్వం చెప్పే రేటులో అప్పట్లో మూడు డాలర్ల పైనే. ఆంక్షల దెబ్బకు అయిదేళ్లలో ఒక డాలరు కొనడానికి వేలకొద్దీ ఇరాక్ దినార్లు కావలసివచ్చింది. పేరూ ఒకటే, మొదటి అంకె కూడా దగ్గరిదే.

అబ్బాయి: ఆ భయంతోనే గదా నువ్వు జీతం చేతికొచ్చిన వారంలోనే పంపించేదానివి.

చిన్నమ్మ: భయమే. శుక్రవారం సెలవు దొరికితే మాలియాకు పోయేదాన్ని. ఆడ మనోళ్లంతా వస్తారు. ఎక్స్ఛేంజిలో పంపించి, రసీదు జాకెట్లో పెట్టుకున్నాకనే ఎవురితోనైనా మాట్లాడతాంటి. కొందరు రేటు పెరగనీ అని నెలల తరబడి ఆపేవాళ్లు. 2013లో అట్ల ఆపినోళ్లకు కలిసొచ్చింది. ఆ ఏడాది మొదట్లో రెండొందల లోపు ఉన్న దినారు ఆగస్టుకు 240 దాకా పోయింది. అప్పటి నుంచి అందరూ అట్లే అవుతాదని కాచుక్కూచునేది నేర్చినారు.

అబ్బాయి: ఈ ఒక్క లెక్క మాత్రం మన అల్లునికి రాసిచ్చి పంపాల చిన్నమ్మా. వాడు తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ గదా? నెలకు 120 దినార్లు వస్తాయనుకుందాం. 34,800 రూపాయలు. రేటు పెరుగుతాదని నెల ఆపితే ఆ మొత్తానికి వడ్డీ 696 రూపాయలు. ఆ నష్టం పూడాలంటే నెల లోపల దినారు 290 నుంచి 295 రూపాయల 80 పైసలకు పోవాల. రెండో నెల ఆపితే ఇంకో అంత పెరగాల. ఎప్పుడో ఒకసారి అట్ల పెరుగుతాది. నువ్వు పోయిన 2000లో దినారు 146 దరిదాపు. పాతికేళ్లకు 290. అంటే సగటున ఏడాదికి నూటికి మూడు రూపాయలు కూడా పెరగలేదు. మన ఊరి వడ్డీ ఏడాదికి ఇరవై నాలుగు.

చిన్నమ్మ: అంతేనా! పాతికేళ్లకు రెండింతలేనా?

అబ్బాయి: అంతే. పేపర్లో ‘రూపాయి కుప్పకూలింది’ అని చూసి ఎంతో అనుకుంటాం. అప్పు ఉన్నంతకాలం రేటు చూడాల్సిన పని లేదు. జీతం చేతికొచ్చిన పొద్దే పంపేయాల. రేటు చూసుకునేది అప్పు తీరినోళ్లు.

ఈ ఒక్క చోట ఇద్దరూ ఒకటయ్యారు. నాకు ఈ సంవాదమంతటిలో ఎక్కువ పనికొచ్చేది ఇదేననిపించింది. కువైట్ నుంచి వచ్చే ఫోన్లలో రేటు మీద జరిగే చర్చలో సగమైనా వడ్డీ మీద జరిగితే చాలా కుటుంబాలు ఒకటి రెండేళ్లు ముందే బయటపడతాయి. బ్యాంకు అప్పుకు మార్చుకోవడం, ఏజెంటుకు ఇచ్చే దాన్ని తగ్గించుకోవడం, వీటితో మిగిలే సొమ్ము రేటు రెండు రూపాయలు పెరిగితే రాదు.

చిన్నమ్మ: నువ్వు అన్నిటికీ నా గుణకారం తప్పంటాండావు గానీ, నాకు ఇంకో లెక్క ఉండె. అది నీకు చెప్పలేదు. జీతం ఎన్ని గ్రాములు అని చూసుకుంటాంటి.

అబ్బాయి: బంగారమా?

చిన్నమ్మ: ఇంగేం? ఇద్దరు ఆడబిడ్డలు. ముబారకియా బజారులో అంగళ్లు చూసుకుంటా పోయేదాన్ని. ప్రొద్దుటూరులో రేటెంతో ఫోన్లో కనుక్కునేదాన్ని. నేను పోయినప్పుడు జీతం 40 దినార్లు.

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అని ఊరికే అనలేదు. రాయలసీమలో పెళ్లి బంగారానికి ఆ ఊరి వైపు చూడని ఇల్లు తక్కువ. అబ్బాయి అక్కడికక్కడే లెక్క వేశాడు. 2000లో 10 గ్రాముల బంగారం 4,400 రూపాయల దరిదాపు. 40 దినార్లంటే అప్పటి రేటుకు 5,840 రూపాయలు. నెల జీతానికి పదమూడు గ్రాముల పైన వచ్చేది. 2025 చివర 10 గ్రాములు 1,30,000 దాటింది. ఇప్పుడు అదే వంట పనికి 100 దినార్లు ఇచ్చారనుకుంటే 29,000 రూపాయలు. రెండు గ్రాముల పైచిలుకు, అంతే.

అబ్బాయి: చూడు చిన్నమ్మా. దినార్లలో జీతం రెండున్నర రెట్లయింది. నీ గుణకారంలో అయిదు రెట్లయింది. బంగారంలో ఆరో వంతుకు పడిపోయింది. మూడూ నిజమే. మరి నువ్వు ఏది చూసి ‘బాగుపడినాం’ అనుకోవాల?

చిన్నమ్మ: ఇంత పడిపోయిందని నేను అనుకోలేదు నాయనా. కొనలేకపోతాండామని తెలుసు గానీ.

అబ్బాయి: బంగారం ప్రపంచమంతా డాలర్లలోనే పలుకుతాది, 31 గ్రాముల చిల్లర ఒక ఔన్సు, దానికి ఇన్ని డాలర్లని. డాలర్లలో ధర కదలకపోయినా రూపాయి పడితే ప్రొద్దుటూరులో పెరుగుతాది. దాని మీద మన దిగుమతి సుంకం. అది 2024 జులైలో 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గింది. రూపాయి పడినప్పుడు నీకు ఎక్స్ఛేంజిలో ఎక్కువొచ్చిన లెక్క, ప్రొద్దుటూరు అంగట్లో, పెట్రోలు బంకులో తిరిగి పోతాది. నువ్వు గెలిచింది ఊళ్లో కూలికి, ఇటుకకు, మేస్త్రీకి ఇచ్చే దాంట్లో మాత్రమే.

చిన్నమ్మ: ఇల్లు కట్టింది దాంతోనే. కొంత బంగారం ఆడనే కొనుక్కొచ్చినా. ఏడాదికి పైన ఉండొచ్చిన ఆడోళ్లు 40 గ్రాముల దాకా నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, మొగోళ్లయితే 20. అది కూడా అల్లునికి చెప్పినా.

అబ్బాయి: మంచి పని చేసినావు. ఇంకొకటి నేనడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. నాకు సంబంధాలు చూసినప్పుడు మీరంతా నా జీతాన్ని రూపాయల్లో చెప్పుకున్నారు. ఏడాదికి తొంభై లక్షలంట అని ఊరంతా చెప్పినారు. నెలకు ఇంటి అప్పు 2,200 డాలర్లు కడతాండానని ఎవరన్నా చెప్పినారా? జీతాన్ని గుణిస్తారు, అద్దెను గుణించరు, పన్నును గుణించరు. ఆ అంకె విని మా అమ్మను అప్పడిగినోళ్లు ఎంతమందో. లేదంటే ‘ఉండి కూడా ఇయ్యలేదు’ అన్నారు.

చిన్నమ్మ: అది తప్పే. నాకూ అట్లే చేసినారు. ‘కువైట్ ఆమె’ అని పెళ్లికి చదివింపులు ఎక్కువ రాయించుకునేది. సరే, నువ్వు నాకు ఇంత చెప్తివి. ఇప్పుడు నేనడుగుతా. నంద్యాల రోడ్డులో ప్లాటు చూసి వచ్చినావంట?

అబ్బాయి: చూసినా. సెంటు మూడు లక్షలు చెప్తాండారు. ఎన్నారైలు సేను కొనకూడదు గానీ ఇంటి స్థలం కొనొచ్చు. మూడు వేల మూడొందల డాలర్లే గదా సెంటు, అయిదు సెంట్లు తీసుకుందామని...

చిన్నమ్మ: ‘డాలర్లే గదా’నా? నన్ను ఆడ గుణించొద్దంటివి. నువ్వు ఈడికొచ్చి భాగిస్తాండావే!

అబ్బాయి: అది వేరు చిన్నమ్మా. నేను కొనేది నా సంపాదనతో.

చిన్నమ్మ: నీ గంటల లెక్కే వెయ్యి. సెంటుకు నువ్వు ఎన్ని గంటలు పనిచేయాల?

అబ్బాయి: ... అరవై ఏడు గంటలు.

చిన్నమ్మ: వారంన్నర పని. మన అల్లుడు 120 దినార్లకు ఎన్ని నెలలు బండి నడపాల?

అబ్బాయి: ఎనిమిదిన్నర నెలలు. ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా.

చిన్నమ్మ: కర్నూల్లో నెలకు పదహైదు వేలకు అంగట్లో పనిచేసే పిల్లోడు?

అబ్బాయి: ఇరవై నెలలు.

చిన్నమ్మ: ఆ పిల్లోడు కూడా ఆ ఊళ్లోనే ఇల్లు కట్టుకోవాల. అమ్మేవాడు చెప్పిన రేటు నీకు భాగించి చూస్తే చవక. నువ్వు బేరం చేయకుండా ఇస్తావు. మన్నాడు పక్క ప్లాటుకు అదే రేటు చెప్తాడు. అమెరికావోడు ఇచ్చినాడు గదా అంటాడు. రాజంపేటలో మా కువైటోళ్లు కూడా ఇదే పని చేసినారు, చేయలేదనను. మా అక్క కొడుకు సదువుకున్నోడు, వానికి తెలుస్తాదనుకున్నా.

అబ్బాయి: నేనొక్కణ్ని కొనకపోతే రేటు తగ్గుతాదా?

చిన్నమ్మ: నేనొక్కదాన్ని టీ తాగకపోతే కువైట్ అంగడి మూతపడ్లేదు. అయినా నువ్వు నన్ను తప్పు లెక్క అంటివి గదా. నీ లెక్క కూడా తప్పే అంటాండా, అంతే.

అబ్బాయి ఒప్పుకోలేదు. తను ఆ స్థలం కొనడం మీ అక్క సొంత ఇంట్లో ముసలితనం గడపాలని కాదా, అమ్మానాన్నల దగ్గర ఇల్లుండాలని కాదా అని చాలాసేపు వాదించాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది. టెక్సాస్‌లో ఇంటి అప్పు కడుతూ కర్నూలులో స్థలం కావాలనుకునే మనిషి ఒకే డబ్బులో బతకలేడు. చిన్నమ్మ లాగా పూర్తిగా రూపాయల మనిషీ కాలేడు, పూర్తిగా డాలర్ల మనిషీ కాలేడు. కానీ తనకు చవకైనదాన్ని చవక అనుకోకూడదని ఆమె అడిగిన దానికి అతని దగ్గర జవాబు లేదు.

అబ్బాయి: అయితే కొనొద్దంటావా?

చిన్నమ్మ: కొను. మీ అమ్మ కళ్ల ముందర ఇల్లుంటే మంచిదే. డాలర్ల మాట ఎత్తకుండా కొను. మీ మామను పంపించు, కర్నూల్లో బేరం తెలిసినోడు. ఈడ జీతం తీసుకునేవాళ్లు ఆ వీధిలో పోయిన ఏడాది ఎంతకు కొన్నారో రిజిస్ట్రారాఫీసులో కాగితం తీయించు. దానికి మించి ఒక్క రూపాయి ఇయ్యొద్దు.

అబ్బాయి: అది రెండు లక్షలే ఉంటే అమ్మేవాడు ఒప్పుకుంటాడా?

చిన్నమ్మ: ఒప్పుకోకుంటే లేచి వచ్చేయమను. రేపు పొద్దున మీ మామకు ఫోన్ చేయి. అల్లుని టికెట్టు శనివారం, ఆ లోపల వానికి నీ వడ్డీ లెక్క తెలుగులో రాసివ్వు, అంకెలు పెద్దవిగా రాయి.